అంగీ కిందికి గుంజుకో

మొన్న కామారెడ్డిలో ఒక సన్మాన సభకు పిలిస్తే వెళ్లాను. రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయులందరినీ మూడో వరసలో కూర్చోబెట్టి, తలా ఒక శాలువా కప్పి, తర్వాత గంటన్నర సేపు ఉపన్యాసాలు వినిపించారు. ఆటల జిల్లా కమిటీ పెద్ద ఒకాయన మైకు పట్టుకుని, ఫ్లాగ్ ఫుట్‌బాల్ అనే ఆటను ఈ జిల్లాకు తెచ్చింది తామేనని చెప్పారు. అది ఒలింపిక్స్‌లోకి వస్తుందని ఎవరికీ తెలియని రోజుల్లోనే పల్లెటూరి ఆడపిల్లలను మైదానంలోకి దింపామని కూడా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను శాలువా మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని, పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ఆయనకు ఆ బంతిని ఎలా పట్టుకోవాలో చూపించింది నేను. దీన్ని తంతారా పడతారా అని ఆయన అడిగితే, ఫొటో కోసం చూపించాను. ఫొటో తీయడం అయిపోగానే ఆయన బంతి నా చేతిలో పెట్టి కారెక్కారు.

అందుకే ఇది రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరి విజిల్ మెడలో వేసుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ కోసం రాస్తున్నాను. కోపంతో రాస్తున్నానని ముందే ఒప్పుకుంటున్నాను. ఆ కోపం అంతా ఆ కమిటీ పెద్దమనిషి మీదే అయితే నాకు ఈపాటికి చల్లారేది. అందులో ఎవరి వాటా ఎంతో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఆడపిల్లలకు ఆటలు నేర్పాను. బీర్కూర్‌లో మొదలుపెట్టి, రామారెడ్డిలో చాలాకాలం ఉండి, చివరికి ఎల్లారెడ్డిలో ఆడపిల్లల హైస్కూల్లో రిటైరయ్యాను. పిల్లలు మన వెనక పెట్టే పేర్లు మనకు తెలియవనుకుంటారు. ఎల్లారెడ్డిలో నాకు పెట్టిన పేరు ‘అంగీ మేడం’. పొద్దున ప్రార్థనలో, డ్రిల్లులో, ఖోఖోలో నా నోటి వెంట రోజుకు ఇరవైసార్లు వచ్చే మాట ఒకటే, “అంగీ కిందికి గుంజుకో.” అంటూనే నా కొంగు నేను నడుము మీదికి లాక్కునేదాన్ని. దూరాన ఉన్న పిల్లకు మాట వినపడకపోయినా ఆ సైగ చాలేది. చూడగానే ఆమె చెయ్యి దానంతట అదే కిందికి పోయేది. క్రమశిక్షణ అంటే అదేనని నాకు గర్వంగా ఉండేది.

నాకు ప్రాణమైన ఆట కబడ్డీ. కానీ ఎల్లారెడ్డిలో దానితో చిక్కొచ్చింది. ఒకసారి ఆటలో ఒక పిల్ల వేలు విరిగింది. మర్నాడు వాళ్లమ్మ బడికి వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. “మేడం, ఏలు మూడు నెలలు కదపొద్దన్నడు డాక్టరు. ఏలు లేకుంటె బీడీ ఎట్ల చుడ్తది? మీ ఆటకో దండం” అని పిల్లను తీసుకుపోయింది. మా బడికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో తల్లులు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. బడి నుంచి ఇంటికెళ్లిన ఆడపిల్లలు కూడా పుస్తకాల సంచి మూలన పడేసి, తల్లి పక్కన కూర్చుని తునికాకు కత్తిరిస్తారు. ఆ వేళ్ల మీద ఇల్లు నడుస్తుంటే ఆ తల్లిది తప్పని నేనెలా అనగలను? ఆ ఏడాది నా కబడ్డీ జట్టులో నలుగురే మిగిలారు.

సరిగ్గా అలాంటి రోజుల్లో కామారెడ్డిలో మాకు ఒకరోజు శిక్షణ పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కోచ్ రెండు వైపులా మొనలున్న బంతి పట్టుకుని నిలబడ్డాడు. అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో తన్నే ఆట కాదని, చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట అని చెప్పాడు. తలకు గట్టి టోపీలు పెట్టుకుని ఒకరినొకరు గుద్ది పడేసుకుంటారట. పెద్ద యుద్ధం రోజుల్లో అక్కడి సైనిక శిబిరాల్లో సిపాయిలు కూడా ఈ ఆట ఆడుకునేవారట. శత్రువు దాకా పోకముందే ఆటలోనే కాళ్లూ చేతులూ విరిగితే ఎలా అని, మనిషిని పడేసే బదులు నడుముకు వేలాడే గుడ్డ లాగితే చాలని మార్చుకున్నారట. యుద్ధం అయ్యాక ఆ సిపాయిలు ఇళ్లకు పోతూ ఆటను కూడా వెంట తీసుకుపోయారు. పార్కుల్లోకి, కాలేజీల్లోకి, అక్కడి నుంచి చిన్నపిల్లల్లోకి, ఆడపిల్లల్లోకి, చివరికి దేశదేశాలకు పాకింది. దెబ్బ తగలని ఆట కావడం వల్లే ఇంత దూరం వచ్చిందని ఆయన అన్నాడు.

ఆట తీరు సులువే. జట్టుకు ఐదుగురు. ప్రతి ఒక్కరి నడుముకు ఒక బెల్టు, దానికి రెండు పక్కలా రెండు గుడ్డ పట్టీలు. వాటినే జెండాలంటారు. బంతి పట్టుకుని పరిగెత్తే మనిషి జెండాను ఎదుటివాళ్లు లాగేస్తే పరుగు అక్కడితో ఆగిపోతుంది. లాగించుకోకుండా చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, ఆ వెంటనే ఇంకో పాయింటుకు ఒక అవకాశం. గుద్దకూడదు, తొయ్యకూడదు, వాటేసుకోకూడదు. ఇంకొక నియమం కూడా చెప్పాడు. అంగీ లోపలికి దోపుకోవాలి, జెండాలు అందరికీ కనపడాలి. బంతి పట్టుకున్నవాళ్లు తమ జెండాకు చెయ్యి అడ్డం పెడితే పెనాల్టీ. ఆ నియమాన్ని నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత గీసుకున్నాను. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది.

మిగతావాళ్లు ఇదేం ఆట, మన రుమాలాట లాగే ఉందని నవ్వుకుని భోజనాలయ్యాక సగం మంది జారుకున్నారు. ఎల్లారెడ్డిలోనే మగపిల్లల బడిలో నాలాగే ఆటలు నేర్పే సారు ఒకాయన ఉండేవాడు. ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తూ ఉండే మనిషి. ఆయన మాత్రం నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. “మేడం, ఇందుల ఏలు ఇరగదు.”

నా మనసులో తిరుగుతున్న మాట కూడా అదే. మాకు ఒక బంతి ఇచ్చారు, బెల్టులు ఇవ్వలేదు. ఎల్లారెడ్డి బజారులో ఒక దర్జీ దగ్గరికి వెళ్లి చీర ఫాల్ పట్టీలు కొలిస్తే సరిగ్గా సరిపోయాయి. ఎర్రవి ఒక జట్టుకు, పచ్చవి ఒక జట్టుకు. పాత స్కూలు బెల్టులకు టిచ్ బటన్లు వేయించి వాటికి తగిలించాం. లాగితే టప్పుమని ఊడేవి. ఆ చప్పుడు పిల్లలకు తెగ నచ్చింది. నేను ఇంటింటికీ తిరిగి, ఈ ఆటలో ఎవరూ ఎవరినీ ముట్టుకోరని, పట్టీ లాగడం తప్ప ఇంకేమీ ఉండదని తల్లులకు చెప్పాను. వేలు విరిగిన పిల్ల తల్లి కూడా చాట పక్కన పెట్టి, ఆ పట్టీని రెండుసార్లు లాగి చూసి పిల్లను పంపింది. మూడు నెలల్లో మైదానం నిండిపోయింది. తాడ్వాయి బడి మేడం ఫోన్ చేసి బెల్టు కొలతలు అడిగింది. లింగంపేట నుంచి ఇద్దరు పిల్లలు చూసిపోవడానికి వచ్చారు. కమిటీ పెద్దలు అప్పటికి ఈ ఛాయలకు రాలేదని మనవి.

మా జట్టులో ఒక పిల్ల ఉండేది. ఆరో తరగతి నుంచి నా దగ్గరే ఉంది. తండ్రి మస్కట్‌లో కూలి పని చేస్తాడు. తల్లి బీడీలు చుడుతుంది, ఆ పిల్ల కూడా సాయంత్రాలు చుడుతుంది. బీడీ మూతి మడిచి, దారం చుట్టి, తెంపే వేళ్లు కదా, ఎదుటి పిల్లకు తన జెండా పోయిందని తెలిసేలోపు ఈ పిల్ల దాన్ని పైకెత్తి చూపించేది. పరుగు కూడా అంతే. గాల్లో వచ్చిన బంతిని అందుకున్నదంటే ఇక ఆమెను పట్టుకోవడం మగపిల్లల వల్ల కూడా అయ్యేది కాదు. ముప్పై ఏళ్లలో అలాంటి పిల్ల నాకు మరొకరు దొరకలేదు. అందులో కొంచెం కూడా ఎక్కువ చేసి చెప్పడం లేదు.

ఇంతలో ఈ ఆటను ఒలింపిక్స్‌లో చేర్చారని వార్త వచ్చింది. అంతే, కామారెడ్డిలో ఒక్కసారిగా అందరికీ దీని మీద ప్రేమ పుట్టింది. కమిటీ వచ్చింది, లెటర్‌హెడ్ వచ్చింది, ఫ్లెక్సీ వచ్చింది. రాష్ట్ర జట్టు శిబిరానికి జిల్లా నుంచి అమ్మాయిలను ఎంపిక చేస్తామని బడులకు కాగితం పంపారు. శిబిరానికి వెళ్లినవాళ్లకు క్రీడా హాస్టల్లో సీటు ఇచ్చి ఇంటర్ చదివిస్తారని కూడా చెప్పారు. అప్పుడు ఆ పిల్ల పదో తరగతిలో ఉంది. కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. తల్లి చాట మీద నుంచి చూపు ఎత్తకుండానే విన్నది. విని ఒకే మాట చెప్పింది.

“సెలక్షనైతే తోలిస్త మేడం. కాకుంటె పది అయినంక నా పక్కన కూసుంటది. మళ్ల మళ్ల అడగొద్దు.”

నేను సరేనన్నాను. అప్పుడు ఆ పిల్ల నా వైపు చూసిన చూపు బాగా గుర్తుంది. నేను ఉండగా ఇంకేం భయమన్నట్టు చూసింది.

ఎంపికకు వారం ముందు ఇంకొకటి జరిగింది. మా ప్రాక్టీసును ఎవరో రోడ్డు మీద నుంచి వీడియో తీసి స్టేటస్‌గా పెట్టుకున్నారు. అది ఊరి వాట్సాప్ గ్రూపులోకి, అక్కడి నుంచి మస్కట్‌కూ పోయింది. ఆ పిల్ల అంగీ దోపుకుని పరిగెత్తుతున్న వీడియో కింద బంధువులు ఎవరో ఏదో రాశారట. ఏం రాశారో నాకు చెప్పలేదు. తండ్రి ఫోన్ చేస్తే తల్లి నన్ను పిలిపించి స్పీకర్ పెట్టింది. ఆయన కోప్పడలేదు, అదే నన్ను కట్టిపడేసింది. “ఆట బంద్ చెయ్యమంటలేను మేడం. మీరున్నరు గదా. పిల్ల అంగీ జర చూసుకోండ్రి, నలుగురి ఫోన్లల్ల పడొద్దు” అన్నాడు.

“నేను చూసుకుంట. మీరు రంది పడకుండ్రి” అన్నాను. అంగీ సంగతిలో మాట ఇవ్వడానికి ఎల్లారెడ్డిలో నాకన్నా అర్హులెవరున్నారు?

ఎంపిక రోజు పొద్దున్నే ఆర్టీసీ బస్సెక్కాం. పిల్లలు ఆధార్ కార్డులు చూపించి జీరో టికెట్లు తీసుకున్నారు. బాలుర బడి సారు సెలవు పెట్టి మరీ వెంట వచ్చాడు. కామారెడ్డి మైదానంలో మధ్యనంతా క్రికెట్ నడుస్తోంది. మాకు గోడ పక్కన ఒక మూల ఇచ్చారు. గీతలు కూడా గీయలేదు. సారు సున్నం డబ్బా అడిగి తెచ్చి, ప్యాంటు మడిచి తానే గీశాడు. పిల్లలు ఎనిమిదింటికే సిద్ధంగా ఉంటే ముఖ్య అతిథి పదకొండున్నరకు వచ్చారు. ఎండ నెత్తికెక్కాక ఆట మొదలైంది.

అంతకుముందు ఒక ముచ్చట ఉంది. అతిథి బొమ్మ అచ్చేసిన టీషర్టులు పంచి, అందరూ అవే వేసుకుని ఆడాలన్నారు. అన్నీ ఒకటే సైజు, అదీ ఐదో తరగతి పిల్లల సైజు. మేం పొడుగు అంగీలు కుట్టించుకుని తెచ్చుకున్నాం, ఎంత దోపినా బయటికి రానివి. ఈ పొట్టి టీషర్టు దోపుకుంటే చెయ్యి పైకెత్తగానే బయటికి వస్తోంది. నేను కమిటీ పెద్ద దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన అతిథి వైపే చూస్తూ, “ఒక్క గంటకు ఏమైతది మేడం? ఫొటోలు మంచిగ రావాలె” అన్నారు. నేను వెనక్కి వచ్చి పిల్లలకు ఆ టీషర్టులే వేయించాను. అక్కడ గట్టిగా నిలబడి ఉండాల్సింది. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నదాన్ని, నన్ను ఎవరేం చేసేవారు? పెద్దవాళ్ల ముందు గొంతు తగ్గించడం, పిల్లల ముందు గొంతు పెంచడం మనకు ఉద్యోగంలో వచ్చే రోగం. మీరు అంటించుకోకండి.

రెండు ఆటలు గెలిచాం. చివరి ఆట కామారెడ్డిలోని ఒక ప్రైవేటు బడి జట్టుతో. వాళ్లకు అసలైన బెల్టులున్నాయి, మావి చీర ఫాల్ పట్టీలు. అయినా మా పిల్ల ఒక్కతే వాళ్ల జెండాలు ఎన్ని లాగిందో లెక్క లేదు. చివరికి వాళ్లవి పదమూడు, మావి పన్నెండు. ఆఖరి నిమిషం, బంతి మా దగ్గరుంది. మా పిల్ల గోడ పక్క నుంచి పరుగు తీసింది, బంతి గాల్లో వచ్చింది, ఎగిరి అందుకుంది. ఆమె ముందు ఒకే ఒక్క పిల్ల ఉంది. దాన్ని కూడా దాటేస్తుందని నాకు తెలుసు. చివరి గీత పది అడుగుల దూరంలో ఉంది.

ఆ గోడ మీద క్రికెట్ చూడ్డానికి వచ్చిన కుర్రాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. బంతి కోసం ఎగిరినప్పుడే ఆమె టీషర్టు వెనకవైపు పైకి వచ్చేసింది. వాళ్లలో ఒకడు ఈల వేశాడు. నాలుగైదు ఫోన్లు లేచాయి. తర్వాత జరిగింది నేను చాలా రోజులు ఇలా చెప్పుకున్నాను: ఎదుటి పిల్ల జెండా కోసం చెయ్యి చాచింది, మా పిల్ల చెయ్యి ఏదో కిందికి ఊగింది, పరిగెత్తే మనిషి చేతులు ఊగవా? మా పిల్ల గీత దాటింది. మా వాళ్లందరూ ఎగిరారు. తప్పు జరిగిందని చూపే పసుప్పచ్చ గుడ్డను రిఫరీ అప్పటికే నేల మీద పడేసింది. జెండాకు చెయ్యి అడ్డం పెట్టిందని పెనాల్టీ, టచ్‌డౌన్ రద్దు, టైము అయిపోయింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ రిఫరీ చిన్న వయసు అమ్మాయి. ఆమె మీదికి వెళ్లి నోటికొచ్చింది అన్నాను. ఆమె నన్నొక క్షణం చూసి, “జెండ మీద చెయ్యి పడ్డది మేడం, నేను చూసిన” అంది. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. నేను కమిటీ దగ్గరికి పోయాను. గెలిచిన జట్టునే మొత్తంగా పంపుతాం, ఓడిన జట్టు నుంచి ఎవరినీ తీసుకోం అన్నారు. ఇది ఎంపిక కదా, మంచి ఆటగత్తెలను ఏరుకోవాలి కదా అంటే, అతిథికి వేరే కార్యక్రమం ఉంది, టైము లేదన్నారు. ఈ ఒక్క పిల్లనైనా చూడండని బతిమాలాను. బంతిని తంతారా పడతారా అని నన్ను అడిగిన ఆ పెద్దమనిషి అప్పుడొక మాట అన్నారు.

“రూలు తెల్వని పిల్లను స్టేట్‌కు ఎట్ల పంపుతం మేడం? జిల్లా ఇజ్జత్ పోతది.”

ఆ పిల్ల నా వెనకే నిలబడి ఉంది. విన్నది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది. ఇజ్జత్ అట. ఐదో తరగతి టీషర్టు తొడిగించి, గోడ మీద వందమందిని కూర్చోబెట్టి ఆడించినప్పుడు పోని ఇజ్జత్ ఇప్పుడు పోయిందట.

బస్సులో ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో బెల్టు పెట్టుకుని, టిచ్ బటన్ ఊడదీస్తూ పెడుతూ ఎల్లారెడ్డి దాకా వచ్చింది. ఏడవలేదు. బస్టాండులో తల్లి నా ముఖం చూసింది, ఏమీ అడగకుండానే కూతురి సంచి అందుకుంది.

నేను ఊరుకోలేదు. రిఫరీ తీర్పు తప్పని, ఎంపిక మళ్లీ జరపాలని నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. దానికి ఆధారం కావాలి. గోడ మీద ఫోన్లెత్తిన కుర్రాళ్లలో ఒకడు బాలుర బడి సారు పాత శిష్యుడే. సారు వాణ్ని పట్టుకుని నాలుగు తిట్టి ఆ వీడియో తెచ్చాడు. మా స్టాఫ్ రూములో ఇద్దరం కూర్చుని చూశాం.

అందులో ఆ పిల్ల ఎగిరి బంతి పట్టుకుంటుంది. పరుగు తీస్తుంది. ఈల వినిపిస్తుంది. ఈలకు ఆమె చెయ్యి కదలలేదు. చేతులు రెండూ బంతి మీదే ఉన్నాయి. ఆ వెంటనే మైదానం అవతలి పక్క నుంచి ఒక ఆడగొంతు గట్టిగా వినపడుతుంది. “అంగీ కిందికి గుంజుకో.” మూలన నేను కనపడుతున్నాను, కొంగు నడుము మీదికి లాక్కుంటూ. అప్పుడు ఆ పిల్ల కుడిచెయ్యి బంతిని వదిలి కిందికి పోతుంది, నడుము దగ్గర అంగీని పట్టుకుంటుంది, జెండాను కప్పేస్తుంది. ఎదుటి పిల్ల వేళ్లు ఆ చేతికి తగిలి ఆగిపోతాయి.

సారు ఇంకోసారి చూపించలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. జీవితమంతా ఎవరినో ఒకరిని ఆటపట్టించిన మనిషి, “చాయ్ తాగుదమా మేడం” అని మాత్రం అన్నాడు. ఫిర్యాదు కాగితాలు చింపేశాను.

నిజం చెబుతాను, ఆ మాట నేను అన్నట్టు నాకు గుర్తే లేదు. ఊపిరి పీల్చినట్టు అనేసి ఉంటాను. రిఫరీ ఎందుకు ఆగిపోయిందో అప్పుడు అర్థమైంది, ఆమె వినే ఉంటుంది. నోట్‌బుక్‌లో గీత గీసుకున్న నియమాన్ని పిల్లలకు నేనే నేర్పాను, దాన్ని తప్పమని నేనే ఉత్తర్వు ఇచ్చాను. ఇంకా ఒళ్లు మండేది ఎక్కడంటే, గోడ మీద ఈల వేసినవాడు నాకు బాగానే వినపడ్డాడు. ఫోన్లు కనపడ్డాయి. అయినా నా నోరు వాళ్ల వైపు తిరగలేదు. ముప్పై ఏళ్లలో ఎన్ని వేలసార్లు ఆడపిల్లలను అంగీ గుంజుకోమన్నానో. ఒక్కసారైనా చూసేవాణ్ని కళ్లు దించుకోమన్నానా? అనలేదు. మాలో ఎవరూ అనలేదు. శిక్షణల్లో అది ఎవరూ చెప్పనూ లేదు. వాణ్ని ఏమీ అనలేక పిల్లను అనడం మాకు సులువైంది, దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాం.

ఆ పిల్ల పదో తరగతి పాసై తల్లి పక్కన కూర్చుంది. ఆమెకు నిజం చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. వాళ్ల గల్లీ తప్పించి చుట్టూ తిరిగి బడికి పోయేదాన్ని. రిటైరైన నెలకు ఎలాగో ధైర్యం చేసి వెళ్లాను. తల్లి కార్ఖానాకు బీడీలు ఇచ్చి రావడానికి పోయింది. పిల్ల అరుగు మీద చాటతో ఉంది. నేను కూర్చుని, వీడియో సంగతి, నా గొంతు సంగతి, చింపేసిన ఫిర్యాదు సంగతి అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

“నాకెర్కనే మేడం” అంది. “మీ గొంతు నేను గుర్తువట్టనా?”

“మరి ఆ రోజు ఎందుకు చెప్పలే?”

“చెప్తె మిమ్మల్ని గూడ అనేటోళ్లు గదా.” ఒక బీడీ పూర్తిచేసి చాటలో పెట్టి, మళ్లీ అంది. “మీరు మొత్తుకోకున్నా ఎప్పుడో ఒకప్పుడు పోతుండె మేడం. ఆరో తరగతి సంది అలవాటైన చెయ్యి.”

నన్ను ఓదార్చడానికే అన్నది పాపం. అంతకన్నా పెద్ద దెబ్బ నాకు నా సర్వీసులో తగలలేదు.

మేం చేసిన దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. ఆ హాస్టల్ సీటు పోయింది. ఆమె ఇప్పుడు వారమంతా బీడీలు చుడుతుంది. ఆదివారాలు మాత్రం ఎల్లారెడ్డి మైదానానికి వచ్చి చిన్నపిల్లలకు ఆట నేర్పుతోంది. నేనూ వెళ్లి గట్టు మీద కూర్చుంటాను. చూసినవాళ్లు అబ్బ ఎంత బాగా నేర్పుతోందని మెచ్చుకుంటారు. నాకు మాత్రం కోపమే వస్తుంది. ఆ వయసు పిల్ల ఆడాలి, నేర్పడం కాదు. సన్మాన సభలో ఆ పెద్దమనిషి తాము మైదానంలోకి దింపామన్న పల్లెటూరి ఆడపిల్లల లెక్కలో ఈమె కూడా ఉండే ఉంటుంది.

ఆమె నేర్పే తీరు ఏ పుస్తకంలోనూ లేదు. కార్ఖానావాళ్లు పక్కన పడేసిన పాడు తునికాకును చిన్న చిన్న కట్టలు కట్టి తెస్తుంది. పరిగెత్తే పిల్ల ఒక చేతిలో బంతి, ఇంకో చేతిలో ఆకు కట్ట పట్టుకోవాలి. చెయ్యి అంగీ వైపు పోయిందంటే కట్ట జారి పడుతుంది. పడితే మళ్లీ మొదటి నుంచి పరుగు. మొదట్లో అన్ని కట్టలూ నేల మీదే ఉండేవి. ఇప్పుడు తగ్గాయి.

సభ నుంచి వచ్చిన మర్నాడు ఆదివారం. ఆరో తరగతి పిల్ల ఒకటి బంతితో పరుగు తీసింది. దోపుకున్న అంగీ ఒక పక్క ఊడి వచ్చింది. రోడ్డు మీద పోతున్న ఒక మోటార్ సైకిల్ ఆగింది, దాని మీద ఇద్దరు ఫోన్లు తీశారు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను, నా చెయ్యి కొంగు మీదికి పోయింది.

ఆమె మైదానం మధ్య నుంచి నన్ను చూసింది. నడిచి వచ్చి, నా చెయ్యిని కొంగు మీద నుంచి తీసి, అందులో ఒక ఆకు కట్ట పెట్టింది.

“గిది పట్టుకోండ్రి మేడం” అంది.

పట్టుకున్నాను. పట్టుకుని, పిల్లలకు వీపు చూపించి, రోడ్డు వైపు తిరిగి, ముప్పై ఏళ్లు విజిల్‌తో పోటీపడిన గొంతంతా పెట్టి అరిచాను. “ఫోన్లు జేబుల పెట్టుండ్రి.” ఇద్దరూ ఉలిక్కిపడి బండి ముందుకు తీశారు. అది మలుపు తిరిగేదాకా అటే చూస్తూ నిలబడ్డాను. నా వెనక ఆ చిన్నపిల్ల గీత దాటిందని చప్పట్లు విని తెలుసుకున్నాను.